ముప్పావుగంట వెలుతురు

ఉక్కునగరం,
11 మార్చి 2001, ఆదివారం

ఆశాజ్యోతికి,

నువ్వూ, సత్యశ్రీ పాపా బాగున్నారని తలుస్తాను. మీ ఆయన సంగతి రాయడానికే కూర్చున్నాను కాబట్టి మిగతా కబుర్లు చివర.

శుక్రవారం కామరాజుని మద్దిలపాలెంలో కొత్త డాక్టరు రమణమూర్తి గారికి చూపించాను. ఆటోలో తలకి తువ్వాలు కప్పుకునే వచ్చాడు. ఆస్పత్రి నుంచి వచ్చి మూడేళ్ళయింది, గొంతులు వినిపించడం ఆగి రెండేళ్ళు దాటింది, మాత్రలు నా చేత్తో నేనే ఇస్తున్నాను, అయినా తెల్లవారుజామున నాలుగైతే గాని కన్ను మూయడు, పన్నెండు దాటితే గాని లేవడు అని వరసగా చెప్పాను. ఆయన అంతా విని, "జబ్బు అదుపులోనే ఉందమ్మా. ఒంట్లో గడియారమే వెనక్కి జారింది. ఈ జబ్బున్నవాళ్ళలో చాలామందికి ఇలా అవుతుంది," అన్నారు. నిద్రమాత్ర రాస్తారనుకున్నాను. వెలుతురు రాశారు.

నిజంగానే చీటీ మీద అదే రాశారు. నిద్ర లేవగానే గట్టి తెల్లని వెలుతురు ముందు ముప్పావుగంట కూర్చోవాలి. కళ్ళు తెరిచే ఉండాలి గాని లైటు వంక తేరిపార చూడక్కర్లేదు. రెండు మూడు రోజులకోసారి లేచే వేళ అరగంట ముందుకి జరుపుకుంటూ రావాలి. రాత్రి తొమ్మిది దాటాక ఇంట్లో చిన్న లైటే. మాత్రలు ఎప్పటిలాగే. నిద్రే అక్కర్లేదన్నట్టు హుషారు ఎక్కువైతే ఆపేసి వెంటనే తీసుకురావాలి. "ఎండలో నించోబెడితే సరిపోదా, ఊరికే వస్తుంది కదా?" అన్నాను. "నించుంటే అంతకన్నా ఏం కావాలమ్మా! వీధిలోకి వస్తాడా?" అన్నారు. అందరూ తననే చూస్తున్నారని వాడు డాక్టరు దగ్గరికి తప్ప గుమ్మం దాటి ఏడాదయింది.

ఆ లైటు ఎక్కడ దొరుకుతుందంటే వన్ టౌన్‌లో తవిటయ్య అని పేరు రాసిచ్చారు. వెళ్ళి చూద్దును కదా, బట్టల కొట్లకీ మిఠాయి కొట్లకీ వెలిగే బోర్డులు తయారుచేసే దుకాణం! డాక్టరన్నవాడు మందుల షాపుకి పంపుతాడు గాని బోర్డుల షాపుకి పంపుతాడా? ఇద్దరికీ లోపాయికారీ ఏదో ఉందని నా అనుమానం.

అయినా వద్దనలేదు, ఎందుకంటే వాడి మేనేజరు భీమశంకరరావు గారి మాట నీకు తెలుసు. ఓడల నుంచి దిగే సరుకు లెక్క రాయడంలో కామరాజుని మించిన క్లర్కు లేడనే ఇన్నాళ్ళూ ఆయన ఆ కుర్చీ ఖాళీగా ఉంచారు. ఇప్పుడు గడువు పెట్టారు. జూలై రెండో తేదీ నుంచి వరసగా రెండు వారాలు ఉదయం ఎనిమిదింటికి ఆఫీసులో ఉంటే ఉద్యోగం వాడిదే. ఒక్క రోజు తప్పినా వేరే మనిషిని పెట్టుకుంటారు.

నేనొక నోటుబుక్కు మొదలుపెట్టాను. నిద్రపట్టిన వేళ, లేచిన వేళ, లైటు ముందు కూర్చున్న వేళ. నమ్మకంతో కాదు. రేపు డాక్టరు మాట మారిస్తే ఎదురుగా పెట్టడానికి.

మిగతా కబుర్లకి కాగితం మిగల్లేదు.

కనకరత్నం

*

పిఠాపురం,
19 మార్చి 2001

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు కోప్పడనంటే ఒక మాట అడుగుతాను. ఆయనకి కరెంటు పెట్టిస్తున్నారా?

మా హెడ్మాస్టరు దొరబాబు గారి తమ్ముడికి కూడా ఇలాగే మొదట "లైటు వైద్యం" అని ఇంట్లోవాళ్ళకి చెప్పారట. తీరా చూస్తే తలకి కరెంటు. మొదటిసారి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ మాటెత్తితేనే ఆయన నా చెయ్యి వదల్లేదు. మీకది గుర్తుండే ఉంటుంది. బోర్డులు చేసేవాడు, ట్యూబులు, డాక్టరు చీటీ, ఇవన్నీ ఒకచోట అతకడం లేదు నాకు.

ఆయన్నే అడుగుదామని ఫోన్ చేశాను. "అక్క చెప్తుంది" అన్నారు. మీరు పక్కన ఉంటే ఆయన ఎప్పుడూ అంతే అంటారు.

పాప ఎక్కాలు పదిహేను దాకా అప్పజెప్పింది. వాళ్ళ నాన్నకి ఫోన్‌లో పన్నెండో ఎక్కం చెప్తే మధ్యలో తప్పు పట్టుకున్నారట. ఆ మాటకి మాత్రం సంతోషం వేసింది.

నిజం రాయండి.

ఆశాజ్యోతి

*

ఉక్కునగరం,
5 ఏప్రిల్ 2001

ఆశాజ్యోతికి,

తమ్ముడికి నేను కరెంటు పెట్టిస్తానని అనుకున్నావంటే ఇన్నేళ్ళూ నన్ను నువ్వేం చూశావో తెలియలేదు. ఆ సంగతి పక్కన పెట్టి, వచ్చిన వస్తువు ఎలా ఉంటుందో రాస్తాను.

గోడ గడియారాలు మూడు పక్కపక్కన పెట్టినంత వెడల్పు పెట్టె. లోపల నాలుగు ట్యూబులైట్లు, ముందు పాల రంగు ప్లాస్టిక్ రేకు. బల్ల మీద పెట్టి మూరెడు దూరంలో కూర్చోవాలి. తీగ గోడకి తప్ప మనిషికి తగలదు. డాక్టరు గారు తన దగ్గరున్న మీటరు తవిటయ్య షాపుకి తీసుకెళ్ళి, వెలుతురు చాలిందో లేదో కొలిచాకే ఇంటికి పంపారు. తవిటయ్య తనే ఆటోలో తెచ్చి దింపాడు.

"ఏటమ్మా, దీని ముందల కూకుంటే నిద్దరొస్తాదా?" అన్నాడు నన్నే.

"నువ్వు చేసి నన్నడుగుతావేమయ్యా?"

"నాను సేసినాను గానీ నాకేటి తెల్సు? నగల కొట్టుకి బోర్డు సేత్తే నాకు నగలొచ్చీసినాయా?" అని నవ్వాడు. మనిషి మీద అనుమానం ఇంకా పోలేదు గాని, పని మాత్రం శుభ్రంగా చేశాడు.

పక్క క్వార్టరు మంగాయమ్మ మొదటి రోజే కిటికీలోంచి చూసి, ఫొటో స్టూడియో పెట్టారా అని అడిగింది. అవునన్నాను. మళ్ళీ అడగలేదు.

మార్చి ఇరవయ్యారున మొదలుపెట్టాం. మొదటి రోజు పన్నెండుంపావుకి లేచి కూర్చున్నాడు. ఈవేళ పదింపావుకే లేచాడు. నిద్రపట్టే వేళ నాలుగు నుంచి రెండున్నరకి వచ్చింది. పది రోజుల లెక్క ఇది. నోటుబుక్కు అబద్ధం చెప్పదు.

రెండు మాటలు. ఒకటి, నువ్వు రాత్రి పదకొండు దాటాక చార్జీ తక్కువని ఫోన్ చేస్తున్నావు. అది మానెయ్యాలి. ఆ వేళకి ఇల్లు సద్దుమణగాలన్నారు. రెండు, వేసవి సెలవులకి ఇప్పుడే బయలుదేరకండి. వేళలు కాస్త కుదురుకున్నాక నేనే రాస్తాను.

కనకరత్నం

*

పిఠాపురం,
17 ఏప్రిల్ 2001

వదినగారికి,

కరెంటు మాట అడిగినందుకు క్షమించండి. అది భయంతో అడిగినది.

పదకొండు దాటాక నేను చేసింది రెండే ఫోన్లు. రెండుసార్లూ పాపకి జ్వరం. ఆ తర్వాత సాయంత్రం ఆరింటికి చేస్తే "స్నానం చేస్తున్నాడు" అన్నారు. ఏడింటికి చేస్తే "భోంచేస్తున్నాడు". ఆదివారం పొద్దున్న చేస్తే "మీ అన్నయ్యగారు పడుకున్నారు, గట్టిగా మాట్లాడకూడదు" అన్నారు. ఆయనతో మాట్లాడాలంటే ఏ వేళ మంచిదో మీ నోటుబుక్కులో ఒక గడి గీయండి.

ఇరవై నాలుగు నుంచి మాకు సెలవులు. రావద్దన్నారు కాబట్టి రావడం లేదు. పాపకి "నాన్న చదువుకుంటున్నారు" అని చెప్పాను. "అత్తయ్య దగ్గర ఏం చదువు?" అంది.

ఆశాజ్యోతి

*

ఉక్కునగరం,
9 మే 2001

ఆశాజ్యోతికి,

దాచకుండా రాస్తున్నాను. మళ్ళీ జారిపోయింది.

ఏప్రిల్ ఎనిమిదికి రాత్రి రెండింటికల్లా నిద్రపోయి పొద్దున్న తొమ్మిదిన్నరకి లేచాడు. ఆ మరుసటి వారం మూడున్నరకి పోయాడు. తర్వాత రెండు వారాలు మళ్ళీ దారికొచ్చి, నెలాఖరుకి ఒకటింబావు. ఇక గట్టెక్కామనుకున్నాను. ఇప్పుడు చూస్తే మళ్ళీ మూడు.

కారణం వెతకని చోటు లేదు. మాత్రలు నోట్లో వేసుకుని తర్వాత ఉమ్మేస్తున్నాడేమోనని నాలుక ఎత్తి చూపించమన్నాను. చూపించాడు. నా వంక చూసిన చూపు మాత్రం బాగాలేదు. టీ పొడి డబ్బా బీరువాలో పెట్టాను. మీ అన్నయ్యగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెట్టెని వన్ టౌన్ తీసుకెళ్ళి, ట్యూబులు నాసిరకం వేశావా అని తవిటయ్యని నిలదీశాను. అతను వెలిగించి చూపించి, "అమ్మా, ఈ లైటు ముందల నువ్వు కూకోమ్మా ఒక్క వారం. నీకున్న డౌట్లన్నీ పోతాయి," అన్నాడు. షాపులో ఇద్దరు నవ్వారు.

డాక్టరు మీద కూడా నాకు అనుమానమే. ఏప్రిల్ ఇరవైన తీసుకెళ్ళినప్పుడు నన్ను బయట కూర్చోమని వాడితో ఒంటరిగా అయిదు నిమిషాలు మాట్లాడారు. ఏమన్నారురా అంటే, "ఏం లేదక్కా," అన్నాడు. ఏం లేకపోతే తలుపు వేయడం దేనికి?

నా వైపు లోటు లేదు. ముప్పావుగంట ఒక్కరోజు తప్పలేదు. మీ అన్నయ్యగారికి సి షిఫ్టు పడినప్పుడు కూడా తప్పలేదు. ఆయన రాత్రి పదింటికి డ్యూటీకి వెళ్ళి పొద్దున్న ఆరింటికి దిగుతారు. మాకున్నవి రెండు గదులు, మధ్యలో గుమ్మానికి కర్టెనే గాని తలుపు లేదు. అందుకని సి షిఫ్టు వారమంతా కిటికీలకి నల్ల రెగ్జిన్ దించి, సాయంత్రం నాలుగు దాకా ఇల్లు చీకటిగా ఉంచడం ఇరవై ఏళ్ళ అలవాటు. అప్పుడు ఈ పెట్టె వెలిగిస్తే ఆయన నిద్ర ఏం కావాలి? ఆ వారం మటుకు సాయంత్రం అయిదున్నరకి ఆయన బజారుకి వెళ్ళాక వెలిగిస్తాను. ముప్పావుగంట ఎప్పుడైనా ముప్పావుగంటే.

ఇక మిగిలింది నువ్వు. ఫోన్‌లో ఏమైనా మనసు చెడే మాట అన్నావా? వాడు చెప్పడు. నువ్వైనా చెప్పు.

కనకరత్నం

*

పిఠాపురం,
19 మే 2001

వదినగారికి,

ఫోనే ఇవ్వకుండా ఫోన్‌లో ఏమన్నావని అడిగితే ఏం రాయను?

మీ నోటుబుక్కు మొదటి రోజు నుంచి జిరాక్సు తీయించి పంపండి. చూడకుండా నేనిక ఒక్క మాటా నమ్మను. గడువు ఇంకా నలభై నాలుగు రోజులు.

ఆశాజ్యోతి

*

ఉక్కునగరం,
3 జూన్ 2001

ఆశాజ్యోతికి,

జిరాక్సు కాగితాలు పది జతచేశాను. అంకెలు కనపడనిచోట పెన్నుతో దిద్దాను. దిద్దినచోట పక్కన సంతకం చేశాను, మార్చానని అంటావేమోనని.

పెళ్ళయిన కొత్తలో నీకు పప్పు తాలింపు నేర్పాను. ఈవేళ నువ్వు నా లెక్క తనిఖీ చేస్తున్నావు. చెయ్యి.

కనకరత్నం

*

పిఠాపురం,
9 జూన్ 2001

వదినగారికి,

పదోతరగతి పేపర్లు దిద్దినట్టే దిద్దాను. మూడు గంటలు పట్టింది.

ఏప్రిల్ తొమ్మిది నుంచి పదిహేను. ఏప్రిల్ ముప్పై నుంచి మే ఆరు. మే ఇరవై ఒకటి నుంచి ఇరవై ఏడు. ఈ మూడు వారాల్లోనే నిద్రపట్టే వేళ ప్రతి రోజూ పావుగంటో ఇరవై నిమిషాలో వెనక్కి పోయింది. మిగతా వారాల్లో ముందుకే వచ్చింది. ఆ మూడు వారాల్లోనే లైటు గడిలో మీ చేత్తో మీరే "సా. 5.30" అని రాశారు. ఒక్క వారం అయితే ఏదో అనుకుందును. మూడు వారాలూ అంతే. ఎర్ర పెన్సిలుతో గీసి తిప్పి పంపుతున్నాను.

పొద్దున్న లేవగానే అని డాక్టరు రాస్తే సాయంత్రం ఎందుకు కూర్చోబెట్టారు? ఇంత పద్ధతిగా ఉండే మనిషి మూడుసార్లు ఒకే పొరపాటు చేస్తారా? ఆయన దారికొస్తే నా దగ్గరికి వచ్చేస్తారని, మీ తమ్ముడు మీ ఇంట్లో ఉండడని, అందుకే ఇలా చేశారేమోనని నాకు అనిపిస్తోంది. అనిపించింది దాచుకోవడం నాకు చేతకాదు.

ఆశాజ్యోతి

*

ఉక్కునగరం,
17 జూన్ 2001

ఆశాజ్యోతికి,

నీ ఉత్తరం బుధవారం మధ్యాహ్నం అందింది. ఈ వారం కూడా సి షిఫ్టే. సోమ, మంగళ వారాలు సాయంత్రమే కూర్చోబెట్టాను. బుధవారం పెట్టె వెలిగించలేదు. గురువారం ఒక్కదాన్నే మద్దిలపాలెం వెళ్ళాను.

డాక్టరు గారు నీ ఎర్ర గీతలు చూసి, "ఎవరు గీశారమ్మా ఇవి?" అన్నారు. నా మరదలు, టీచరు, అన్నాను. "పొద్దుటి వెలుతురు ఆ గడియారాన్ని ముందుకి తోస్తుంది. సాయంత్రపు వెలుతురు వెనక్కి లాగుతుంది. మీరు రెండు వారాలు తోసి, ఒక వారం లాగారు," అన్నారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

నేను ఎందుకలా చేశానో రాస్తాను. నమ్మితే నమ్ము. చీటీలో "లేవగానే" అని ఉంది. పొద్దున్న అన్న మాట లేదు. మా ఇంట్లో సి షిఫ్టు వారంలో సాయంత్రం నాలుగింటికే తెల్లవారుతుంది. ఆయన లేచి, భోంచేసి, మళ్ళీ కాస్త వాలి, నాలుగింటికి మొదటి కాఫీ తాగుతారు. అప్పుడే కిటికీ పరదా ఎత్తుతాను, అప్పుడే ఊడుస్తాను, అప్పుడే ముగ్గు వేస్తాను. ఇరవై ఏళ్ళుగా ఈ కాలనీలో సగం ఇళ్ళలో ఇదే తంతు. కామరాజు పదింటికే లేచి ఆ చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంటాడన్నది నాకు తట్టలేదు. ఇంటికి ఎప్పుడు తెల్లవారితే అందరికీ అప్పుడే తెల్లవారుతుందనుకున్నాను. డాక్టర్ని, తవిటయ్యని, నిన్ను, వాడి నాలుకని అనుమానించాను. నా అలవాటుని అనుమానించలేదు.

నువ్వు అన్నదాంట్లో ఒక్కటి మాత్రం కాదు. వాడు నీ దగ్గరికి వెళ్ళకూడదని నేను చేయలేదు. వెళ్తే ఇల్లు బోసిగా ఉంటుందని అనుకున్న మాట నిజం. అనుకోవడానికీ చేయడానికీ తేడా ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. రేపటి నుంచి రెండు వారాలు పొద్దున్నే వెలిగించవచ్చు. కానీ జూలై రెండు నుంచి మీ అన్నయ్యగారికి మళ్ళీ సి షిఫ్టు. సరిగ్గా వాడు చేరవలసిన వారం. ఏం చేయాలో తోచడం లేదు.

కనకరత్నం

*

పిఠాపురం,
24 జూన్ 2001

వదినగారికి,

మీరు రాసింది నమ్మాను. పూర్తిగా నమ్మానని రాస్తే అది అబద్ధం అవుతుంది. ముప్పాతిక నమ్మాను.

ఉద్యోగం పోతే పోయింది. ముప్పయ్యో తేదీ శనివారం నేను వచ్చి ఆయన్ని తీసుకొచ్చేస్తాను. ఇక్కడ షిఫ్టులు లేవు. పెట్టె కూడా కట్టి ఉంచండి.

ఆశాజ్యోతి

*

ఉక్కునగరం,
27 జూన్ 2001

ఆశాజ్యోతికి,

సరే. బట్టలు సర్దాను. మాత్రలు వేరే సంచీలో పెట్టాను, ఏవి ఎప్పుడో రాసి. భీమశంకరరావు గారికి శనివారం కబురు పెడతాను. రైలు దిగాక ఆటో మాట్లాడుకునేటప్పుడు జాగ్రత్త.

కనకరత్నం

*

విశాఖపట్నం, వన్ టౌన్,
15 జూలై 2001, ఆదివారం

అక్కకీ, ఆశాజ్యోతికీ,

ఈ ఉత్తరం మీ ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. ఎవరి పేరు ముందు రాయాలన్నది కాసేపు ఆలోచించి, వయసు ప్రకారం రాశాను. దానికి వేరే అర్థం వెతకకండి.

ముప్పయ్యో తేదీన రావద్దని ఆశకి ఫోన్ చేసింది నేను. ఎవరూ చెప్పించలేదు. అక్కే పక్కనుండి అనిపించిందని ఆశ అనుకుందట. ఆశే ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుందని అక్క అనుకుంది. ఆ రోజు అక్క కూరగాయలకి వెళ్ళింది, బావ నిద్రపోతున్నాడు. నేను ఒక్కణ్ణే ఫోన్ దగ్గర నిలబడి చేశాను.

మీరు నా నిద్ర గురించి పదకొండు ఉత్తరాలు రాసుకున్నారు. పదకొండూ చదివాను. పెట్టె ముందు ముప్పావుగంట కళ్ళు తెరుచుకుని కూర్చోవాలి కదా, పక్కనే అక్క నోటుబుక్కు, అందులో ఆశ ఉత్తరాలు, అక్క రాసినవాటికి కార్బన్ కాపీలు. ఇంకేం చదవమంటారు?

సాయంత్రం వద్దన్న సంగతి నాకు ఏప్రిల్ ఇరవైనే తెలుసు. తలుపు వేసి డాక్టరు గారు చెప్పింది అదే. "నోటుబుక్కులో పోయిన వారం సాయంత్రం అని ఉంది. ఎవరి మాట మీద?" అని అడిగారు. నేను ఇంటికెళ్ళి అక్కకి చెప్తానన్నాను. చెప్పలేదు.

ఎందుకో ఇప్పుడు చెప్తాను. అక్కా, నువ్వు కంగారు పడకు. ఫిబ్రవరిలో సి షిఫ్టు దిగి వస్తూ బావ స్కూటరు మీదే కునుకు పట్టి డివైడరు ఎక్కించాడు. కుక్క అడ్డమొచ్చిందని నీకు చెప్పాడు. కుక్క లేదు. ఆ ముందురోజు మంగాయమ్మ గారింట్లో మైకు పెట్టి బావని పగలంతా నిద్రపోనివ్వలేదు. నాకొక్కడికే చెప్పి, "మీ అక్కకి చెప్పావంటే ఊరుకోను రోయ్," అన్నాడు. నేను నిద్రపోకపోతే కుర్చీలో తూగుతాను. బావ నిద్రపోకపోతే బండి మీద తూగుతాడు. ఆ వారం చీకటి ఆయనకే ఉండాలనిపించింది. పెట్టె పొద్దున్నే వెలిగించమంటే అక్క వెలిగించేది. అందుకే అడగలేదు.

జూలై ఒకటిన బావతోనే మాట్లాడాను. "ఒరేయ్, నీకు వెలుగు కావాలి, నాకు చీకటి కావాలి. ఒకే గదిలో రెండూ ఎలా వస్తాయి? బయట బోలెడు ఉంది కదా, వెళ్ళు," అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! ఏడాదిగా నేను ఒంటరిగా దాటని గుమ్మం అది.

రెండో తేదీ అయిదింటికి లేచాను. అప్పటికి నిద్రపట్టే వేళ పన్నెండుంపావుకి వచ్చింది కాబట్టి అయిదు గంటలు కూడా పడుకోలేదు. ఆరుంపావుకి సెక్టారు బస్టాపులో నించున్నాను. తువ్వాలు తీసుకెళ్ళలేదు. మబ్బు పట్టి ఉంది. మబ్బు పట్టినా బయట వెలుతురు ఆ పెట్టె కన్నా ఎక్కువే అని డాక్టరు గారు చెప్పి ఉన్నారు.

బస్సు ఎక్కగానే అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. దిగిపోదామనుకున్నాను. నాకు తెలిసిన పని ఒక్కటే, లెక్క పెట్టడం. పెట్టాను. మొత్తం నలభై ఒక్కమంది. ఎక్కువమంది సి షిఫ్టు దిగి ఇళ్ళకి పోతున్నవాళ్ళు. ఇరవై ఆరుగురు నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నారు. పద్నాలుగు మంది కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. నన్ను చూసింది కండక్టరు ఒక్కడే, అదీ టికెట్టు కోసం. నేనూ కిటికీ పక్కన కూర్చున్నాను. పాత పోస్టాఫీసు దాకా గంటా పది నిమిషాలు.

ఆఫీసు గేటు తాళం వేసి ఉంది. మేనేజరు గారు స్కూటరు మీద వచ్చి, "ఏటయ్యా కామరాజూ, గేటు తియ్యకుండానే వచ్చీసినావ్? నన్నేటి టీ కూడా తాగనివ్వవా?" అన్నారు. ఇద్దరం తాగాం. అక్క క్షమించాలి, నాది పొద్దుటి టీయే.

అన్ని రోజులూ బాగా జరిగాయని రాయను. మూడో రోజు కునుకుపాట్లతో తొంభై బస్తాలకి అరవై వేశాను. పదకొండో తేదీ బస్సు గాజువాకలో ఆగిపోతే ఇంకో బస్సు పట్టుకుని, చివర్లో పరుగెత్తి ఎనిమిదికి రెండు నిమిషాలుండగా లోపల పడ్డాను. నిన్న సాయంత్రం మేనేజరు గారు పన్నెండు రోజుల హాజరు చూసి, పుస్తకం మూసి, "సోమవారం మాంగనీసు ఓడ వస్తాది. నువ్వే సూసుకో," అన్నారు. ఉద్యోగం ఉందని ఆయన అనే పద్ధతి అది.

ఆ తొంభై, అరవై సంగతి ఎలా బయటపడిందో చెప్తాను, అది మీకు పనికొస్తుంది. సరుకు దిగేటప్పుడు మా దగ్గర ఇద్దరు లెక్క రాస్తారు. ఒకడు ఓడ పక్షం, ఒకడు రేవు పక్షం. సాయంత్రం రెండు కాగితాలు పక్కపక్కన పెడతారు. తేడా వస్తే దొంగా అని ఎవరూ అనరు. ఏ వేళ దగ్గర తేడా మొదలైందో వేలు పెట్టి చూస్తారు. దిద్దుకుని, ఒకరి కాగితం మీద ఒకరు సంతకం చేస్తారు. అక్క రాసింది, ఆశ వేలు పెట్టి చూసింది. పని సరిగ్గానే జరిగింది. మధ్యలో ఒకరినొకరు దొంగ అనుకున్నదే దండగ.

ఇంకొకటి. బస్తాని ఎవరూ ఏమీ అడగరు, నిజమే. నేను బస్తాని కాను. ఇకనుంచి నా నిద్ర సంగతి నన్ను అడగండి. తప్పు చెప్పినా నా తప్పు నేనే చెప్తాను. నోటుబుక్కు ఇవాళ్టి నుంచి నేను రాసుకుంటాను. ఆశా, నువ్వూ పాపా ఎప్పుడు వస్తారో నాకే రాయి. పాపని పద్దెనిమిదో ఎక్కం దాకా నేర్చుకుని రమ్మను.

ఈ ఉత్తరం ఆదివారమైనా ఆఫీసుకి వచ్చి కార్బన్ పెట్టి రెండు ప్రతులు రాశాను. రెండింటి అడుగునా రెండేసి గీతలు గీసి ఉన్నాయి, ఒకటి ఓడ పక్షానికి, ఒకటి రేవు పక్షానికి. ఎవరు ఏ పక్షమో మీరే తేల్చుకోండి. సంతకాలు పెట్టి నాకు పంపండి.

కామరాజు